ఆకాశం టీవీ నుంచి వేలిముద్ర దాకా: మన ఊళ్లకు వచ్చిన మిషన్ల చరిత్ర



మన గ్రూపులో నెలకోసారైనా ఏదో ఒక కొత్త యాప్ గురించి పోస్టు వస్తది. ఉపాధి హామీ హాజరుకు ఒక యాప్, పింఛనుకు ఒక మిషన్, పోడు సర్వేకు జీపీఎస్, ఇప్పుడు ఆదివాసీ భాషలకు ఏఐ. కింద కామెంట్లలో సగం మంది "ఇక మన బాధలు తీరినట్టే" అంటారు. మిగతా సగం "ఇదంతా మన పేర్లు తీసేయడానికే" అంటారు. ఒకరిది ఆశ, ఇంకొకరిది కోపం. చరిత్ర ఏం చెప్తుందో మాత్రం మనం ఎక్కువ మాట్లాడుకోలేదు.

పేదల ఊళ్లకు సమాచార సాంకేతికత రావడం ఇవాళ మొదలైంది కాదు. 50 ఏళ్లుగా వస్తూనే ఉంది. అమెరికా ఉపగ్రహం వచ్చింది. యునెస్కో సాయంతో రేడియో స్టూడియో వచ్చింది. కెనడా డబ్బుతో కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి. మన పాత ఖమ్మం జిల్లాకు స్మార్ట్ కార్డు వచ్చింది, దాని మీద జరిగిన పరిశోధనను ప్రపంచమంతా చదివింది. వీటిలో కొన్ని నిలబడ్డాయి, చాలా పోయినయి. ఎందుకు నిలబడ్డాయో, ఎందుకు పోయాయో తెలిస్తే రేపు ములకలపల్లి మండలంలో ఏ గూడేనికి ఏ మిషన్ వచ్చినా గ్రామసభలో లేచి ఏం అడగాలో మనకు తెలుస్తది. పోస్టు కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

ముందు ఒక లెక్క చెప్తాను. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హీక్స్ అనే ఆచార్యుడు అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రభుత్వాలు చేపట్టిన కంప్యూటర్ ప్రాజెక్టుల మీద 2003లో ఒక అంచనా ఇచ్చారు. నూటికి 35 పూర్తిగా విఫలం. 50 సగంలో ఆగినవి, అంటే అసలు అనుకున్న పని నెరవేరనివి. విజయం సాధించినవి 15 మాత్రమే. ఆయన చెప్పిన కారణం మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆఫీసులో కూర్చుని గీసిన ఊరు ఒకటి, నిజంగా ఉన్న ఊరు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగితే ప్రాజెక్టు అంత తొందరగా పడిపోతుంది.

1975: ఆకాశం నుంచి టీవీ

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దాన్ని పొట్టిగా 'సైట్' అనేవాళ్లు, అంటే శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది మనకు వాడుకోవడానికి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో కలిపి సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. ఒక్కో చోట 10 అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా. దానికి వాడింది కోళ్లగూళ్లకు కట్టే ఇనప జాలీ లాంటిదే. ఊరిలోని ఆ సెట్లను తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, పోషణ, కుటుంబ నియంత్రణ, కొంత వినోదం. రోజుకు 4 గంటలు. తెలుగులో కూడా వచ్చేవి.

ఈ ప్రయోగం నుంచి మంచి ఫలితాలే వచ్చాయి. చదువు రానివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆరోగ్యం గురించి కొత్త విషయాలు బాగా నేర్చుకున్నారని తర్వాత చేసిన పరిశీలనల్లో తేలింది. సెట్లు చెడిపోతే బాగు చేసే మనుషుల్ని ఇస్రో ముందే ఏర్పాటు చేసుకుంది. ఇప్పటి చాలా ప్రాజెక్టులకు ఆ ముందుచూపు కూడా ఉండదు.

అయితే మూడు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. ఎక్కువ సెట్లు కరెంటుతో నడిచేవి, కాబట్టి తీగ చేరని అడవి ఊళ్లకు ఆ వరుసలో చోటు దొరకడమే కష్టం. టీవీ చెప్తుంది, ఊరు వింటుంది. ఊరు తిరిగి అడగడానికి దారి లేదు. మూడోది అన్నిటికంటే పెద్దది. 1976 జూలై 31తో గడువు అయిపోయింది, ఉపగ్రహం దాని సొంతదార్ల దగ్గరికి వెళ్లిపోయింది. కొన్ని ప్రాంతాలకు తర్వాత నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు, మిగతా ఊళ్లలో తెర చీకటైంది. దేశానికి అనుభవం మిగిలింది, సొంత ఇన్సాట్ ఉపగ్రహాలకు అది పునాది అయ్యింది. ఊరి కోణం నుంచి చూస్తే మాత్రం, వచ్చింది, ఒక ఏడాది ఉంది, పోయింది. బయటివాళ్ల ప్రాజెక్టు బయటివాళ్ల గడువుతోనే వస్తది. గడువు అయినంక ఏంటి అన్న ప్రశ్నను మొదటి రోజే అడగాలి.

మాచనూరు: పదేళ్లు ఎదురు చూసిన రేడియో

రెండో కథ మన తెలంగాణదే. జహీరాబాద్ దగ్గర మాచనూరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళితులు, తమకు సొంత రేడియో కావాలన్నారు. జొన్నలు, కొర్రలు, పాత విత్తనాలు, పశువుల రోగాలు, పాటలు, ఇవన్నీ తమ మాటలో, తమ గొంతుతో మాట్లాడుకోవాలని వాళ్ల కోరిక. యునెస్కో సాయంతో 1998 నాటికే స్టూడియో తయారైంది. మిషన్ ఉంది, మాట్లాడేవాళ్లు ఉన్నారు. కానీ గాలిలోకి పంపడానికి ప్రభుత్వ లైసెన్సు లేదు.

ఇక్కడ చట్టం సంగతి తెలుసుకోవాలి. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చినా అనుమతి రాలేదు. ఆ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊరూరా పట్టుకెళ్లి, సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. విన్నవాళ్లు అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని కేంద్రం విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. నడిపింది ఆ ఊళ్ల బిడ్డలే, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ.

సైట్‌తో పోల్చి చూడండి. అక్కడ ముందు మిషన్ వచ్చింది, తర్వాత ఊరిని వెతికారు. ఇక్కడ ముందు సంఘం ఉంది, దాని మాట ఉంది, ఆ తర్వాత మిషన్ వచ్చింది. అందుకే పదేళ్లు లైసెన్సు లేకపోయినా పని ఆగలేదు. డబ్బు విదేశానిదే, కాదనను. కానీ ఏం మాట్లాడాలో తేల్చింది ఆ మహిళలు.

అవార్డు వచ్చింది, జనం రాలేదు

2000 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 'జ్ఞానదూత్' మొదలైంది. ధార్ కూడా మనలాంటి జిల్లానే, భిల్లు ఆదివాసీలు ఎక్కువ. పల్లెల్లో సూచనాలయాలు అని కంప్యూటర్ కేంద్రాలు పెట్టారు. మార్కెట్ ధరలు, భూమి కాగితాలు, కుల ధ్రువీకరణకు దరఖాస్తులు, ఫిర్యాదులు, అన్నీ అక్కడి నుంచే. అదే ఏడాది స్వీడన్‌లో స్టాక్‌హోం చాలెంజ్ అవార్డు వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది.

ఆ తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులకు కనిపించింది వేరు. కరెంటు ఉండదు, ఫోన్ లైన్ పనిచేయదు. కేంద్రానికి వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లలో నిరుపేదలు ఇంకా తక్కువ. మార్కెట్ ధర తెలిసినంత మాత్రాన లాభం లేదు కదా. పంటను ఆ మార్కెట్ దాకా తీసుకెళ్లే బండి ఉండాలి. అప్పిచ్చిన షావుకారుకే అమ్మాలన్న కట్టు ఉండకూడదు. తునికాకు, ఇప్పపువ్వు అమ్ముకునే మనోళ్లకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు.

అదే కాలంలో పుదుచ్చేరిలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ కెనడా సంస్థ ఐడీఆర్‌సీ సాయంతో 1998 నుంచి ఊరి సమాచార కేంద్రాలు నడిపింది. వీరంపట్టినం అనే మత్స్యకారుల ఊళ్లో సముద్రం అలల ఎత్తు ఎంత ఉంటుందో అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి తీసి, మైకులో తమిళంలో చదివేవాళ్లు. ఊళ్లో ఏ జాలరికీ కంప్యూటర్ ముట్టుకునే పని లేదు. వేటకు పోవాలా వద్దా అన్నది మైకు విని తేల్చుకున్నారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అదే ప్రాంతంలోని నల్లవాడు ఊరికి సింగపూర్‌లో ఉన్న ఊరి మనిషి ఫోన్ చేశాడు. ఇక్కడివాళ్లు కేంద్రం మైకులో అరిచి అందర్నీ ఊరి బయటికి పంపారు. ఇళ్లు పోయాయి, ఊళ్లో ప్రాణాలు పోలేదు.

ధార్‌లోనూ కంప్యూటరే, పుదుచ్చేరిలోనూ కంప్యూటరే. తేడా చివర ఉన్న మైకుది, ఆ మైకు పట్టుకున్న మనిషిది. సమాచారం జనానికి పనికొచ్చేదై, వాళ్ల భాషలో, వాళ్లున్న చోటికి వచ్చింది.

ఇంకో ఉదాహరణ దూరదేశం పెరూది. 'పిల్లకో ల్యాప్‌టాప్' అనే అమెరికా పథకం కింద ఆ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు కొన్నది. అక్కడి కొండ ప్రాంతాల్లో కూడా మనలాంటి మూలవాసుల పిల్లలు ఉన్నారు. 319 గ్రామీణ బడుల్లో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లో గానీ, భాషలో గానీ మార్కులు పెరిగిన దాఖలా లేదని అందులో తేలింది. టీచరు శిక్షణ, బడి పద్ధతి మారకుండా పెట్టె ఒక్కటే పాఠం చెప్పదు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసిన కెంటారో తొయామా తన పుస్తకంలో చెప్పేది ఇదే. టెక్నాలజీ ఉన్న శక్తిని పెంచుతుంది, లేని శక్తిని పుట్టించదు. బడి మంచిదైతే ఇంకా మంచిదవుతుంది. దళారీ బలంగా ఉన్నచోట దళారీ బలం కూడా పెరుగుతుంది.

మన ఖమ్మంలో స్మార్ట్ కార్డు

ఇక మన ఇంటి కథ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచీ మస్టర్లు, కొలతలు, కూలి లెక్కలు కంప్యూటర్‌లో పెట్టింది. ఆ లెక్కలను ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఉంచింది. దాంతోపాటు సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ పంపి, తర్వాత ప్రజావేదికలో అందరి ముందు చదివించారు. "ఇగో, నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, డబ్బులు అందినయా?" అని అడిగితే, చదువు రాని మనిషి కూడా నిజం చెప్పగలడు. కంప్యూటర్ లెక్క ఇచ్చింది. నిలదీసింది మాత్రం మనుషులే.

కూలి డబ్బుల దగ్గర మాత్రం ఇబ్బంది ఉండేది. పోస్టాఫీసు దూరం, వారాల ఆలస్యం, మధ్యలో చేతివాటం. దీనికి ప్రభుత్వం తెచ్చింది వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డు. ఈ పథకాన్ని పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 2010 నుంచి 2012 దాకా 8 జిల్లాల్లోని 157 మండలాల్లో పరీక్షించారు. ఆ 8 జిల్లాల్లో మన ఖమ్మం ఒకటి. ఏ మండలంలో కార్డు ముందు రావాలి, ఏ మండలంలో తర్వాత రావాలి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. అందుకే ఆ పోలిక మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఫలితాలు ఇవి. కూలి తీసుకోవడానికి పట్టే సమయం ఐదో వంతు తగ్గింది, అంటే ప్రతిసారీ సుమారు 22 నిమిషాలు మిగిలాయి. డబ్బు చేతికి రావడంలో ఆలస్యం 6 నుంచి 10 రోజులు తగ్గింది. ఉపాధి హామీ కింద కుటుంబాలకు అందిన సొమ్ము 24 శాతం పెరిగింది. ప్రభుత్వం పెట్టిన ఖర్చు పెరగలేదు, అంటే మధ్యలో మాయమయ్యేది తగ్గింది. ఆ తగ్గుదల దాదాపు 41 శాతం. కార్డు వాడిన ఉపాధి కూలీల్లో 90 శాతం మంది పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు.

మిషన్ గొప్పదా? కొంతవరకే. రెండేళ్లయినా కార్డు వచ్చిన మండలాల్లో కూడా సగం చెల్లింపులే దాని ద్వారా జరిగాయి. అంటే ఇబ్బందులు చాలానే ఉన్నాయి. అయినా మేలు ఎట్లా జరిగింది? రెండు నిర్ణయాల వల్ల అని నాకు అనిపిస్తుంది.

ఒకటి, డబ్బు పంచే మనిషి. ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉండే మహిళ అయి ఉండాలి, చదువుకుని ఉండాలి, పొదుపు సంఘం సభ్యురాలై ఉండాలి, వీలైనంతవరకు వెనుకబడిన వర్గాల నుంచి రావాలి అని ప్రభుత్వం బ్యాంకులకు షరతు పెట్టింది. చెల్లింపు ఊరి గడపకు వచ్చింది. తప్పు జరిగితే అడగడానికి మనిషి కళ్ల ముందే ఉంది.

రెండు, కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు డబ్బు ఆపలేదు. పాత పద్ధతిలో చెల్లించారు. ఈ మినహాయింపులో కొంత దొంగతనానికి సందు ఉందని ప్రభుత్వానికి తెలుసు. అయినా నిజమైన కూలీ నోటికాడి కూడు తీయకూడదని ఆ సందు ఉంచారు. మిషన్ ఫెయిలైతే భారం మనిషి మీద పడకుండా చూసుకున్నారు.

అదే వేలిముద్ర, వేరే ఫలితం

ఈ రెండో నిర్ణయం ఎంత విలువైందో జార్ఖండ్ చూస్తే తెలుస్తది. అక్కడ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. అదే పరిశోధకులు అక్కడా పరీక్షించారు. తప్పనిసరి చేసిన మొదట్లో దోపిడీ తగ్గలేదు, రేషన్ తెచ్చుకునే కష్టం పెరిగింది, కార్డుకు ఆధార్ లింక్ కాని కుటుంబాలకు అందే సరుకు తగ్గింది. తర్వాత మిషన్ లెక్క ప్రకారం డీలర్లకు బియ్యం కోత పెట్టారు. అప్పుడు దోపిడీ తగ్గింది గానీ, ఆ కోతలో కొంత నిజమైన కార్డుదారుల మీద పడింది. 2017లో సిమ్డేగా అనే ఆదివాసీ జిల్లాలో 11 ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్ లింక్ లేదని రేషన్ ఆగిపోయిందని, ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు అన్నారు. కారణం మీద వాదన ఎట్లున్నా, ఒక పేద ఇంటికి బియ్యం అందడం ఒక లింక్ మీద ఆధారపడిన తీరు మాత్రం దేశమంతా చూసింది.

ఖమ్మంలోనూ, జార్ఖండ్‌లోనూ మిషన్ చదివింది వేలిముద్రనే. మొదటి చోట కూలికి దగ్గరి దారి అయ్యింది, రెండో చోట కొందరికి తలుపు మూసింది. తలుపు మూయాలా వద్దా అన్నది మిషన్ నిర్ణయించలేదు. దాని వెనక రాసిన నియమం నిర్ణయించింది. ఆ నియమం రాసేది మనుషులు, దాన్ని మార్చేదీ మనుషులే. మనం అడగాల్సిన చోటు అదే.

2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే హాజరు తప్పనిసరి చేసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. గుట్ట చాటున సిగ్నల్ లేని పనిచోట ఫొటో ఎక్కకపోతే పని చేసిన రోజు ఎవరి లెక్కలో పోవాలి? రాళ్లు మోసి, మట్టి తవ్వి గీతలు అరిగిపోయిన మన అవ్వ వేలు మిషన్ మీద పడకపోతే తప్పు ఎవరిది?

పోడు మ్యాపు, పెద్దల మాట

మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద విషయం పోడు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలి. ఆ తేదీని రుజువు చేయడానికి ఉపగ్రహ చిత్రాలు, జీపీఎస్ కొలతలు వచ్చాయి. జీపీఎస్ వల్ల హద్దులు స్పష్టంగా వస్తాయి, ఆ మేలు ఉంది. కానీ ఆకాశం నుంచి చూసినప్పుడు ఇప్పచెట్లు, తునికి చెట్లు ఉంచుకుని దున్నిన చేను అడవిలాగే కనపడొచ్చు. బీడు పెట్టిన ఏడాది తీసిన చిత్రంలో సాగు కనపడకపోవచ్చు.

దీనికి చట్టంలోనే జవాబు ఉంది. ప్రతి విద్యార్థీ ఇది నోట్ చేసుకోవాలి. 2012 సెప్టెంబరులో సవరించిన అటవీ హక్కుల నియమాల్లో ఒక మాట స్పష్టంగా పెట్టారు. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడుగా మాత్రమే ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు. గుజరాత్‌లో ఉపగ్రహ చిత్రాలు చూపించి వేల దరఖాస్తులు తిరస్కరిస్తే, 2013లో అక్కడి హైకోర్టు వాటిని మళ్లీ పరిశీలించాలని చెప్పింది. అవే నియమాల ప్రకారం పెద్దమనుషుల వాంగ్మూలం రాసి పెడితే సాక్ష్యమే. కట్టిన గట్లు, బావి, సమాధులు, వేల్పుల చోటు, ఇవన్నీ సాక్ష్యాలే.

తెలంగాణలో 2023 జూన్ 30న సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా అందినవాళ్లకు సంతోషం. తిరస్కరణ వచ్చినవాళ్లు మాత్రం కారణం రాతపూర్వకంగా అడగాలి. "మ్యాపులో లేదు" అన్నది ఒక్కటే కారణమైతే, ఆ ఒక్కటి సరిపోదని మనం చెప్పగలగాలి.

మన మాట మిషన్‌కు తెలుసా?

చివరిగా భాష సంగతి. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010 ఫిబ్రవరిలో 'సీజీనెట్ స్వర' మొదలైంది. జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి, మైక్రోసాఫ్ట్ పరిశోధకుల తోడ్పాటుతో దాన్ని నిలబెట్టారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు కాల్ చేసి, గోండీలోనో హిందీలోనో తన సమస్య చెప్తే రికార్డు అవుతుంది. సరిచూసినంక మిగతావాళ్లు ఫోన్‌లోనే వింటారు. బోరింగు చెడిపోయిందని, కూలి రాలేదని చెప్పిన మాటలు విని, బయటివాళ్లు సంబంధిత అధికారికి ఫోన్ చేసి అడిగేవాళ్లు. 1975 టీవీలో లేని తిరుగుదారి ఇక్కడ ఉంది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే ఏఐ అనువాద యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భిల్లీ, ముండారీ, గోండీ ఉన్నాయి. కోయ లేదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు. అంతమంది మాట్లాడే భాష మిషన్‌కు తెలియకపోతే రేపు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో మిషన్ ముందు మన అవ్వ మళ్లీ మూగదే. చేర్చమని అడగాలి. చేర్చేటప్పుడు మన పాటలు, కథలు, మందుచెట్ల పేర్లు ఎవరు తీసుకుంటున్నారు, ఎక్కడ పెడుతున్నారు, ఊరి అనుమతి ఉందా అన్నది కూడా అడగాలి.

గ్రామసభలో ఏం అడగాలి

ఈ 50 ఏళ్ల చరిత్రలో నాకు అర్థమైంది ఒక్క మాటలో చెప్తాను. మిషన్ మంచిదా చెడ్డదా అన్న వాదనలో మన శక్తి పోగొట్టుకోవద్దు. అది పనిచేయని రోజు నష్టం ఎవరు భరిస్తారు అన్నది అసలు ప్రశ్న. ఖమ్మంలో ఆ నష్టాన్ని ప్రభుత్వం తన మీద వేసుకుంది, పథకం నిలబడింది. జార్ఖండ్‌లో పేదోడి మీద పడింది, మనుషులు నలిగిపోయారు.

కాబట్టి ఏ కొత్త యాప్ వచ్చినా గ్రామసభలో ఈ ప్రశ్నలు పెట్టండి:

1. ఇది పనిచేయకపోతే, సిగ్నల్ లేకపోతే, వేలిముద్ర పడకపోతే వేరే దారి ఏంటి? అది కాగితం మీద రాసి ఉందా?

2. దీన్ని నడిపే మనిషి మన ఊరి మనిషేనా? తప్పు జరిగితే ఎవరిని అడగాలి?

3. ఇది మన భాషలో చెప్తుందా? మనం చెప్పేది తిరిగి వింటుందా?

4. ప్రాజెక్టు గడువు ఎంత? గడువు అయినంక ఎవరు నడుపుతారు, ఎవరు బాగు చేస్తారు?

5. ఇందులో చేరిన లెక్క ఊరి అందరి ముందు చదివి వినిపిస్తారా?

ఇంకో పని కూడా ఉంది, ఇది మన విద్యార్థులే చేయగలరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ తేదీన ఏ పనిచోట ఫొటో ఎక్కలేదు, ఎవరికి వేలిముద్ర పడలేదు, ఎన్నిసార్లు తిరిగారు, పింఛను ఎన్ని రోజులు ఆలస్యమైంది, రాయండి. పేర్లు, నంబర్లు గ్రూపులో పెట్టొద్దు. నోట్‌బుక్‌లోనే ఉంచండి. "చాలామందికి రావట్లేదు సార్" అంటే ఏ అధికారీ కదలడు. "మా గూడెంలో ఈ నెలలో ఇంతమందికి, ఈ తేదీల్లో" అని చదివితే జవాబు చెప్పక తప్పదు. సామాజిక తనిఖీలో పనిచేసింది ఈ పద్ధతే.

మనకంటే ముందు తరం పటేలు లెక్క, షావుకారు లెక్క చదవడం నేర్చుకోవడానికి బడికి పోయింది. మన తరం చదవాల్సిన లెక్క మిషన్ లోపల ఉంది. దాన్ని చదవడం నేర్చుకుందాం. చదివింది గ్రామసభలో గట్టిగా చెబుదాం.

జోహార్.